యుద్ధమా? సహనమా? తేల్చి చెప్పే కొమ్మల కణం

మీ అరికాల్లో ఎప్పుడైనా తుమ్మముల్లు విరిగి ఉండిపోయిందా? మొదటి రోజు గుచ్చుకున్న చోట కాస్త ఎర్రబడి సలుపుతుంది. ముల్లు తీయకుండా వదిలేస్తే రెండు మూడు రోజుల్లో గజ్జలో చిన్న ఉండలాగా వాస్తుంది. నడుస్తుంటే నొప్పి పెడుతుంది. "గజ్జలో బిళ్ళ కట్టింది" అంటారు పెద్దవాళ్ళు. ముల్లు గుచ్చుకున్నది అరికాల్లో, బిళ్ళ కట్టింది గజ్జలో. అక్కడ జరిగిన సంగతి ఇంత దూరానికి ఎలా తెలిసింది? ఎవరు మోసుకొచ్చారు?

ఇప్పుడు ఇంకో సంగతి ఆలోచించండి. ఈ పూట మీరు పప్పన్నం, పెరుగన్నం తిన్నారనుకోండి. కందిపప్పులోని మాంసకృత్తులు కంది మొక్కవి. పెరుగులోనివి గేదెవో ఆవువో. ముల్లుతో పాటు లోపలికి వచ్చిన సూక్ష్మజీవి మన శరీరానికి ఎంత పరాయిదో, ఇవీ అంతే పరాయివి. మరి ముల్లు మీద యుద్ధం ప్రకటించిన శరీరం పప్పన్నం మీద ఎందుకు ప్రకటించదు?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ఒకే కణం దగ్గర దొరుకుతుంది. దాని పేరు డెండ్రైటిక్ కణం. అది స్వయంగా యుద్ధం చేసేది తక్కువ. కాని ఎవరితో యుద్ధం చేయాలో, ఎవరిని చూసి ఊరుకోవాలో మన సైన్యానికి నేర్పేది అదే. ఆ కథ ఏమిటో చూద్దాం.

రెండు అంచెల రక్షణ

మన శరీరానికి రెండు అంచెల రక్షణ ఉంది. మొదటి అంచెలో ముఖ్యమైనవి భక్షక కణాలు. దారిలో కనబడిన క్రిములను ఇవి మింగి అరిగించుకుంటాయి. 1882 లో ఇల్యా మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనా అనే రేవు పట్టణంలో ఉండగా, నక్షత్రచేప డింభకాలలో సన్నని ముళ్ళు గుచ్చి చూశాడు. మర్నాటి ఉదయానికి ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. భక్షక కణాల సంగతి అలా బయటపడింది.

రెండో అంచెలో ఉండేవి లింఫోసైట్లు అనే తెల్లరక్త కణాలు. వీటిలో బి-కణాలు ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. టి-కణాలు రకరకాలు. కొన్ని, వైరస్ చొరబడిన మన కణాలను వెతికి చంపుతాయి. కొన్ని, బి-కణాలకూ భక్షక కణాలకూ పని పురమాయిస్తాయి. టి-కణాలు ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో పెరిగి పెద్దవవుతాయి. ఆ గ్రంథి పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరమే ఈ "టి".

టి-కణాలకు రెండు చిత్రమైన లక్షణాలు ఉన్నాయి. వాటిని గుర్తు పెట్టుకుంటేనే ముందు కథ అర్థమవుతుంది.

మొదటిది: ఒక్కొక్క టి-కణం మీద ఒకే రకం గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం అంటే తాళం లాంటిదనుకోండి. ఆ తాళానికి సరిపడే తాళంచెవి దొరికితేనే ఆ కణం స్పందిస్తుంది. ఒక క్రిమికి చెందిన ఒక ముక్కకు సరిపడే టి-కణం, లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటుంది.

రెండోది: టి-కణం క్రిమిని మొత్తంగా చూసి గుర్తు పట్టలేదు. క్రిమిలోని మాంసకృత్తును ఎవరో ఒకరు చిన్న చిన్న ముక్కలు చేయాలి. పది పదిహేను అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కను, ప్రత్యేకమైన ఒక పళ్ళెంలో పెట్టి చూపించాలి. ఈ పళ్ళెం కూడా ఒక మాంసకృత్తే. ఎం.హెచ్.సి. అని దాని పేరు.

అంటే ఎవరో ఒకరు క్రిమిని పట్టి, ముక్కలు చేసి, పళ్ళెంలో సర్ది, లక్షల టి-కణాలలో సరిపోయిన ఆ ఒక్కదాన్ని వెతికి చూపించాలన్నమాట. ఎవరు ఆ పని చేసేది? చాలాకాలం ఎవరికీ తెలియలేదు. విచిత్రమేమిటంటే, ఆ పని చేసే కణాలను పోలిన వాటిని వంద సంవత్సరాలకు ముందే ఒక విద్యార్థి చూశాడు.

బంగారంతో బయటపడిన కణాలు

1868 లో జర్మనీలోని బెర్లిన్ నగరంలో పాల్ లాంగర్‌హాన్స్ అనే యువకుడు వైద్యం చదువుతున్నాడు. చర్మంలో నరాల కొసలు ఎలా ఉంటాయో చూడాలని అతని కోరిక. చర్మపు ముక్కను బంగారం క్లోరైడ్ ద్రావణంలో ఉంచి సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. పై పొరలో అక్కడక్కడ నల్లగా, నాలుగు వైపులా కొమ్మలు చాచిన కణాలు కనిపించాయి. నాడీకణాలకు కూడా అలాగే కొమ్మలుంటాయి. కాబట్టి ఇవీ నాడీకణాలేనని అతడు అనుకున్నాడు.

మరుసటి సంవత్సరం, అంటే 1869 లో, ఆయనే క్లోమంలో చిన్న చిన్న దీవుల్లాంటి కణాల గుంపులను చూశాడు. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే. మీ జీవశాస్త్రం పుస్తకంలో లాంగర్‌హాన్స్ పుటికలు అని చదువుకునేవి ఇవే. పుటికలు పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి. చర్మంలోని కొమ్మల కణాలకు కూడా ఆయన పేరే పెట్టారు గాని, వాటి పని ఏమిటో వంద సంవత్సరాలకు పైగా తెలియనే లేదు.

ప్లీహంలో దొరికిన చెట్టు

1970 లో రాల్ఫ్ స్టైన్‌మన్ అనే యువ వైద్యుడు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జాన్విల్ కోన్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో చేరాడు. అప్పటికి ఒక సంగతి తెలుసు. గాజు పాత్రలో లింఫోసైట్లను మాత్రమే ఉంచి పరాయి పదార్థాన్ని వేస్తే అవి కదలవు, మెదలవు. గాజుకు అంటుకునే మరికొన్ని కణాలు తోడుగా ఉంటేనే స్పందిస్తాయి. ఆ తోడు కణాలు భక్షక కణాలేనని అందరూ అనుకునేవారు.

స్టైన్‌మన్ ఎలుక ప్లీహం నుంచి గాజుకు అంటుకునే కణాలను వేరు చేసి, బతికి ఉండగానే సూక్ష్మదర్శినిలో చూశాడు. భక్షక కణాల మధ్య అక్కడక్కడ వేరే రకం కణాలు కనిపించాయి. వాటికి పొడవాటి కొమ్మలు. ఆ కొమ్మలను అవి అన్ని వైపులకూ చాస్తున్నాయి, ముడుచుకుంటున్నాయి, మళ్ళీ చాస్తున్నాయి. భక్షక కణాల మాదిరిగా ఆబగా మింగడం లేదు. ప్లీహం కణాలు నూరు తీసుకుంటే ఇవి ఒకటో అరో ఉంటాయి. 1973 లో స్టైన్‌మన్, కోన్ వీటిని లోకానికి తెలియజేశారు. గ్రీకు భాషలో "డెండ్రాన్" అంటే చెట్టు. కొమ్మలున్న కణాలు కాబట్టి డెండ్రైటిక్ కణాలు అన్నారు.

కొత్త కణం కనబడగానే సరిపోతుందా? దాని పని ఏమిటో చూపించాలి కదా! 1978 లో స్టైన్‌మన్ బృందం ఒక పరీక్ష చేసింది. ఒక జాతి ఎలుక టి-కణాలను, వేరే జాతి ఎలుక నుంచి తీసిన కణాలతో కలిపి పెంచారు. టి-కణాలకు అవి పరాయివి గనుక రెచ్చిపోయి సంఖ్యలో పెరగాలి. ఎంత పెరిగాయో కొలవవచ్చు. మిగతా రకాల కణాలకంటె డెండ్రైటిక్ కణాలు కనీసం 100 రెట్లు ఎక్కువగా టి-కణాలను రెచ్చగొట్టాయి!

అయినా చాలామంది శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి నమ్మలేదు. అంత కొద్దిగా ఉండే కణాలు అంత పెద్ద పని చేస్తాయా అన్నారు. వాటిని శుద్ధిగా వేరు చేయడం కూడా కష్టమే. స్టైన్‌మన్ పట్టు విడవలేదు. 1985 లో గెరోల్డ్ షూలర్ తో కలిసి చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలను తీసి పాత్రలో పెంచాడు. తీసినప్పుడు అవి టి-కణాలను అంతగా కదిలించలేదు. రెండు మూడు రోజులు గడిచాక చూస్తే ప్లీహంలోని డెండ్రైటిక్ కణాలంత సమర్థంగా తయారయ్యాయి. లాంగర్‌హాన్స్ చూసిన "నాడీకణాల" అసలు పని అప్పటికి తెలిసింది. లాంగర్‌హాన్స్ కణాల పుట్టుక భక్షక కణాల పుట్టుకకు దగ్గరని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. కాని చేసే పని మాత్రం డెండ్రైటిక్ కణాలదే.

ఈ పరీక్ష ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పింది. ఈ కణాల జీవితంలో రెండు దశలున్నాయి. మొదటి దశలో అవి సేకరిస్తాయి. రెండో దశలో చూపిస్తాయి.

అరికాలి నుంచి గజ్జ దాకా

ఇప్పుడు మన ముల్లు దగ్గరికి వద్దాం. చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల గోడల్లో, పేగుల్లో, అంటే బయటి ప్రపంచం మన శరీరాన్ని తాకే ప్రతి చోటా డెండ్రైటిక్ కణాలు కాపలా ఉంటాయి. ఇవి సేకరించే దశలో ఉన్నవి. చుట్టుపక్కల ఏముంటే దాన్ని కొద్ది కొద్దిగా లోపలికి తీసుకుంటూ ఉంటాయి.

ముల్లుతో పాటు సూక్ష్మజీవులు వచ్చాయి. డెండ్రైటిక్ కణం వాటిని లోపలికి తీసుకుని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. ఆ వెంటనే దాని నడవడి మారిపోతుంది. సేకరించడం తగ్గిస్తుంది. ఉన్న చోటును వదిలి, శోషరసం పారే సన్నని నాళాల్లోకి దిగుతుంది. ఆ నాళాల గోడలు విడుదల చేసే ఒక రసాయనమే దానికి దారి చూపుతుంది. అలా ప్రయాణం చేసి, ఒకటి రెండు రోజుల్లో దగ్గరలోని శోషరస గ్రంథికి చేరుతుంది. మన శరీరంలో ఇలాంటి గ్రంథులు సుమారు 600 ఉన్నాయి. కాలికి సంబంధించినవి గజ్జలో ఉంటాయి, చేతికి సంబంధించినవి చంకలో ఉంటాయి.

శోషరస గ్రంథి సంత లాంటిది. టి-కణాలు రక్తంలోంచి అక్కడికి వస్తాయి, కొన్ని గంటలు తిరుగుతాయి, సరుకు నచ్చకపోతే ఇంకో గ్రంథికి పోతాయి. డెండ్రైటిక్ కణం తన కొమ్మల నిండా పళ్ళేలు పరచి, వాటిలో క్రిమి ముక్కలు పెట్టుకుని నిలబడుతుంది. దానికి కొమ్మలెందుకో ఇప్పుడు తెలిసింది కదా! కొమ్మలుంటే ఎక్కువ చోటు, ఎక్కువమందిని తాకే వీలు. బతికి ఉన్న ఎలుకల గ్రంథులలోకి ప్రత్యేకమైన సూక్ష్మదర్శినులతో చూసినప్పుడు, ఒక్క డెండ్రైటిక్ కణం గంటకు 500 కు తక్కువ కాకుండా టి-కణాలను కలుసుకుంటుందని తేలింది. లక్షలో ఒక్కటి దొరకాలంటే ఆ మాత్రం వేగం ఉండాలి మరి!

సరిపోయిన టి-కణం దొరికిందంటే అది అక్కడే ఆగిపోతుంది. గంటల తరబడి డెండ్రైటిక్ కణాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. తరువాత ఒకటి రెండు అవుతుంది, రెండు నాలుగు అవుతాయి, కొద్ది రోజుల్లో వేలకు వేలు. శోషరసంతో నేరుగా కొట్టుకువచ్చిన క్రిముల మీద కూడా అక్కడే పోరాటం సాగుతుంది. ఇన్ని కణాలు చేరి, పెరిగేసరికి గ్రంథి ఉబ్బుతుంది. అదే బిళ్ళ కట్టడం.

రెండు తాళంచెవులు

మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. రెండోది ఇంకా మిగిలే ఉంది. డెండ్రైటిక్ కణం అన్నిటినీ సేకరిస్తుందన్నాం. అందులో పప్పు ముక్కలూ ఉంటాయి. మన శరీరంలో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతుంటాయి. వాటి ముక్కలూ ఉంటాయి. వాటిని కూడా పళ్ళెంలో పెట్టి చూపిస్తే టి-కణాలు మన మీదే తిరగబడవా?

బ్యాంకులో లాకరు ఎలా తెరుస్తారో చూశారా? ఖాతాదారు దగ్గర ఒక తాళంచెవి, బ్యాంకు ఉద్యోగి దగ్గర ఒకటి ఉంటాయి. రెండూ తిప్పితేనే లాకరు తెరుచుకుంటుంది. టి-కణానికి కూడా అలాగే రెండు తాళంచెవులు కావాలి. పళ్ళెంలోని ముక్క మొదటిది. డెండ్రైటిక్ కణం పైపొర మీద మొలిచే మరో రకం మాంసకృత్తులు రెండోది. వీటిని సహాయక సంకేతాలు అనవచ్చు. సేకరించే దశలో ఉన్న డెండ్రైటిక్ కణం మీద ఇవి చాలా తక్కువ. ప్రమాదం పసిగట్టినప్పుడు దట్టంగా మొలుస్తాయి. మొదటి తాళంచెవి మాత్రమే అందిన టి-కణం యుద్ధానికి లేవదు సరికదా, మొద్దుబారిపోతుంది. లేదా చనిపోతుంది.

మరి ప్రమాదాన్ని పసిగట్టేది ఎలా? 1989 లో చార్లెస్ జేన్‌వే అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ఊహ చేశాడు. ప్రయోగశాలల్లో ఎలుకకు శుద్ధమైన మాంసకృత్తును మాత్రమే ఇంజెక్షన్ చేస్తే సాధారణంగా ఏమీ జరగదు. చచ్చిన క్షయ క్రిములను నూనెలో కలిపి దానితో పాటు ఇస్తే గట్టి స్పందన వస్తుంది. ఇది పరిశోధకులందరికీ తెలిసిన చిట్కాయే గాని, కారణం తెలియదు. సూక్ష్మజీవులలో మాత్రమే ఉండి మన కణాలలో లేని కొన్ని పదార్థాలను గుర్తుపట్టే గ్రాహకాలు మొదటి అంచె కణాల మీద ఉండి ఉండాలని జేన్‌వే అన్నాడు.

ఆ ఊహ నిజమైంది. 1996 లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం, పండ్ల మీద వాలే ఈగలలో "టోల్" అనే జన్యువు చెడిపోతే అవి బూజు పట్టి చస్తున్నాయని కనిపెట్టింది. 1998 లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందం, బాక్టీరియా పైపొరలోని ఒక విషపదార్థాన్ని ఎలుకలలో పసిగట్టేది టోల్ లాంటి గ్రాహకమేనని చూపింది. మనిషిలో ఇలాంటి గ్రాహకాలు 10 ఉన్నాయి. ఒకటి బాక్టీరియా గోడను గుర్తిస్తే, ఇంకొకటి వాటి తోకను, మరొకటి వైరస్ ఆర్.ఎన్.ఏ.ను గుర్తిస్తాయి. గాయంలో చితికిపోయిన మన కణాల నుంచి కారే కొన్ని పదార్థాలు కూడా ప్రమాద సూచనలే.

డెండ్రైటిక్ కణం ఈ గ్రాహకాల ద్వారా ప్రమాదాన్ని తెలుసుకుని రెండో తాళంచెవిని సిద్ధం చేస్తుంది. ఏ గ్రాహకం మోగిందన్న దాన్ని బట్టి టి-కణాలకు వేరు వేరు రసాయన సందేశాలు కూడా ఇస్తుంది. కణం లోపల దాక్కునే క్షయ క్రిమి మీద ఒక రకం పోరాటం, పేగుల్లోని పాముల మీద ఇంకో రకం పోరాటం కావాలి కదా!

టీకాలో ఈ రహస్యం

పదేళ్ళప్పుడు, మళ్ళీ పదహారేళ్ళప్పుడు పిల్లలకు టీడీ టీకా వేస్తారు. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీకా అది. అందులో ఉండేది ఆ క్రిముల విషపదార్థం, ప్రమాదం లేకుండా చేసినది. దానితో పాటు కొద్దిగా అల్యూమినియం లవణం కూడా ఉంటుంది. విషపదార్థపు ముక్క మొదటి తాళంచెవి. లవణం కలిగించే చిన్న అలజడి రెండోదాన్ని సిద్ధం చేయడానికి తోడ్పడుతుంది. టీకా వేసిన చోట చెయ్యి కాస్త సలుపుతుందే, అది ఈ అలజడి గుర్తు.

2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన కొవాగ్జిన్ టీకాను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసింది. అందులో చంపిన కరోనా వైరస్ తో పాటు, అల్యూమినియం లవణానికి అతికించిన ఒక చిన్న రసాయనం ఉంది. టోల్ లాంటి గ్రాహకాలలో 7, 8 సంఖ్యలు గల వాటిని అది మోగిస్తుంది. ఈగల మీద చేసిన పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో చూశారా!

అలజడి లేకపోతే?

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్రమాద సూచన ఏదీ లేకుండా డెండ్రైటిక్ కణం ఒక పరాయి ముక్కను చూపిస్తే ఏమవుతుంది? 2001 లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో స్టైన్‌మన్, మిషెల్ నూసెన్‌జ్వైగ్, వారి సహచరులు దీన్ని తెలివిగా పరీక్షించారు.

డెండ్రైటిక్ కణాల మీద ఉండే ఒక మాంసకృత్తుకు అతుక్కునే ప్రతిరక్షకాన్ని తీసుకున్నారు. దానికి కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే మాంసకృత్తు ముక్కను తగిలించారు. ఉత్తరం మీద చిరునామా రాసినట్లన్నమాట. ఎలుక శరీరంలోకి ఎక్కించగానే ఆ ముక్క నేరుగా డెండ్రైటిక్ కణాలకే చేరుతుంది. ఆ ముక్కను గుర్తించే టి-కణాలను కూడా ఆ ఎలుకలకు ముందే ఇచ్చి ఉంచారు.

మూడో రోజుకు టి-కణాలు విభజన చెంది పెరిగాయి. యుద్ధం మొదలైందనే అనిపించింది. కాని ఏడో రోజుకు వాటిలో చాలా భాగం మాయమయ్యాయి. తరువాత అదే ముక్కను బలమైన మందు కలిపి ఇచ్చినా మిగిలినవి లేవలేదు. ఆ ఎలుకలకు గుడ్డు లైసోజైమ్ మీద సహనం ఏర్పడింది!

అదే ప్రయోగాన్ని చిన్న మార్పుతో మళ్ళీ చేశారు. ఉత్తరంతో పాటు డెండ్రైటిక్ కణాన్ని కృత్రిమంగా మేల్కొలిపే మరో ప్రతిరక్షకాన్ని కూడా ఇచ్చారు. ఈసారి టి-కణాలు మాయం కాలేదు. గట్టిగా నిలబడ్డాయి. ముక్క అదే, టి-కణాలు అవే, చూపించిన కణమూ అదే. మారింది అలజడి ఒక్కటే.

థైమస్ గ్రంథిలోనే మన సొంత కణాలను గుర్తించే టి-కణాలను చాలావరకు ఏరివేస్తారని అప్పటికే తెలుసు. కాని ఆ ఏరివేత నుంచి కొన్ని తప్పించుకుంటాయి. పైగా పప్పు, పెరుగు థైమస్‌కు చేరవు. బయట కూడా ఎవరో సహనం నేర్పాలి. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో డెండ్రైటిక్ కణాలు చేస్తున్నది ఆ పనే.

పేగుల్లో ఈ ఏర్పాటు ఇంకా చక్కగా ఉంటుంది. అక్కడి డెండ్రైటిక్ కణాలు కొన్ని విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లాన్ని తయారు చేసి, దాని సాయంతో టి-కణాలను "నియంత్రణ టి-కణాలు"గా మారుస్తాయని 2007 లో తేలింది. ఈ నియంత్రణ కణాల పని తోటి టి-కణాలను అదుపులో ఉంచడం. పేగుల్లో ఈ పనికి వేరే రకం కణాలు కూడా తోడ్పడతాయని ఈ మధ్య పరిశోధనలు చెబుతున్నాయి. మీరు పప్పన్నం హాయిగా తినగలుగుతున్నది ఇలాంటి ఏర్పాట్ల వల్లనే. ఈ నియంత్రణ కణాల మీద చేసిన పరిశోధనకు జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి, అమెరికాకు చెందిన మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ లకు 2025 లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా చదివి, నిద్రపోయే డెండ్రైటిక్ కణం సహనాన్నీ, మేల్కొన్న కణం యుద్ధాన్నీ నేర్పుతుందని సూత్రం కట్టేయకండి. మేల్కొన్న కణాలు కూడా ఒక్కోసారి సహనం నేర్పుతాయి. డెండ్రైటిక్ కణాలలో రకాలున్నాయి, ఒక్కో రకానికి ఒక్కో నేర్పు. మొదటి మెట్టుగా మాత్రం ఆ సూత్రం పనికి వస్తుంది.

తీర్పు తప్పితే

తీర్పు ఒకవైపు తప్పితే సొంత శరీరం మీదే యుద్ధం మొదలవుతుంది. పిల్లలలో ఎక్కువగా కనిపించే మొదటి రకం మధుమేహం అలాంటిదే. ఇందులో టి-కణాలు క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే కణాలను నాశనం చేస్తాయి. ఆ కణాలు ఉండేది లాంగర్‌హాన్స్ పుటికలలో! తన పేరుతో ఉన్న చర్మ కణాలకూ, తన పేరుతో ఉన్న పుటికలకూ ఇలాంటి చుట్టరికం ఉందని పాపం ఆయనకు తెలియదు.

తీర్పు రెండోవైపు తప్పితే, కొట్టవలసిన శత్రువును చూసి ఊరుకోవడం జరుగుతుంది. కాన్సర్ కంతులు చాలావాటిలో డెండ్రైటిక్ కణాలు మేల్కొనకుండా జోకొట్టే రసాయనాలు ఉంటాయి. కంతి మన కణాల నుంచే పుట్టింది కాబట్టి పెద్ద అలజడీ ఉండదు.

అందుకని శాస్త్రజ్ఞులు రెండు దారుల్లోనూ ప్రయత్నిస్తున్నారు. రోగి రక్తం నుంచి కణాలు తీసి, బయట కాన్సర్ గుర్తులు చూపించి, మేల్కొలిపి, తిరిగి ఎక్కించే చికిత్స ఒకటి. ప్రోస్టేట్ కాన్సర్ కు ఇలాంటి చికిత్సను అమెరికా 2010 లో అనుమతించింది. అది కొద్ది నెలల ఆయుష్షును పెంచింది గాని రోగాన్ని పూర్తిగా నయం చేయలేదు. రెండో దారిలో, సహనం నేర్పేలా పెంచిన డెండ్రైటిక్ కణాలను మధుమేహ రోగులకు ఇచ్చి చూశారు. 2011 లో వెలువడిన ఒక చిన్న అమెరికన్ పరీక్షలో వాటివల్ల హాని లేదని తేలింది. రోగం కుదర్చడానికి ఇంకా చాలా దూరం నడవాలి.

మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన బహుమతి

2007 లో స్టైన్‌మన్‌కు కాన్సర్ అని తెలిసింది. అదీ క్లోమంలో. ఆ జబ్బుతో ఏడాది దాటి బతికేవారు తక్కువ. ఆయన వైద్యుల చికిత్సతో పాటు, తన కంతి గుర్తులను చూపించిన డెండ్రైటిక్ కణాలతో తయారు చేసిన టీకాలను కూడా తీసుకున్నాడు. నాలుగు సంవత్సరాలకు పైగా బతికి, ప్రయోగశాలలో పని చేస్తూనే ఉన్నాడు. ఆ టీకాల వల్లనే బతికాడా? ఒక్క రోగిని చూసి అలా చెప్పడానికి లేదు. ఈ సంగతి ఆయనకూ బాగా తెలుసు.

2011 అక్టోబర్ 3 న ఆ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించారు. సగం హాఫ్‌మన్‌కు, బాయిట్లర్‌కు. మిగిలిన సగం స్టైన్‌మన్‌కు. కాని ఆయన మూడు రోజుల ముందే, సెప్టెంబర్ 30 న కన్నుమూశాడు. బహుమతి సంఘానికి ఆ సంగతి తెలియదు. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వకూడదని నియమం. అయితే బతికి ఉన్నాడని నమ్మి చేసిన నిర్ణయం కాబట్టి, బహుమతి ఆయనదేనని నోబెల్ సంస్థ తేల్చింది.

మనకు బలం ఎంత ఉందన్నదాని కంటె, ఆ బలాన్ని ఎప్పుడు వాడాలో తెలియడం ముఖ్యం. మీ శరీరంలో ఈ క్షణాన కూడా కొమ్మల కణాలు ముక్కలు ఏరుకుంటూ, సంతకు పోతూ, టి-కణాలకు ఆ తెలివినే నేర్పుతున్నాయి.

ఆలోచించి చెప్పండి

1. ముంజేతికి గాయమైతే బిళ్ళ ఎక్కడ కట్టవచ్చు? ఎందుకు?

2. టీకాలో క్రిమి ముక్క మాత్రమే ఉండి, అలజడి కలిగించే పదార్థం లేకపోతే రక్షణ బలహీనంగా ఎందుకు ఉండవచ్చు?

3. 2001 నాటి ప్రయోగంలో మూడో రోజునే పరిశీలన ఆపేసి ఉంటే శాస్త్రజ్ఞులు ఏమని పొరబడి ఉండేవారు?